టెక్ సందేహాలు: వరద గోడకు గీత ముఖ్యం

ప్రశ్న: అమలాపురంలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. వరద జాగ్రత్తల మీద స్కూలు పిల్లలు వేసే నాటికకు వెనక తెర కావాలన్నారు. వరద తీసేశాక లంక ఊళ్లో ఇల్లు ఎలా ఉంటుందో అలా. నెట్‌లో దొరికిన బురద టెక్స్‌చర్లు వేస్తే సహజంగా లేదు. నాకు జింప్ (ఫోటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్) మాత్రమే వచ్చు.

జవాబు: మీరు పంపిన నమూనా చూశాను. గోడ నిండా బురద చల్లేశారు. వరద చల్లదండీ, గీత గీస్తుంది. 1986 ఆగస్టు గోదావరి వరద సంగతి ఎత్తితే మన పెద్దాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి 'ఇదిగో, ఇక్కడిదాకా' అనేది ఆ గీతను చూపించే. నీళ్లు ఆగిన చోట ముదురు మరక, లాగుతూ మధ్యలో ఆగితే దాని కింద ఇంకో సన్న గీత.

టెక్స్‌చర్ కోసం నెట్ దాకా ఎందుకు? కాలవ గట్టున ఆరిన ఒండ్రును ఫోటో తీయండి. మబ్బు పట్టిన రోజైతే మేలు. ఎండలో తీస్తే నీడలు ఒకవైపు పడి, గోడ మీద వేశాక దొరికిపోతాయి. ఫ్లాష్ వద్దు. ఆ ఫోటోను గోడ ఫోటో మీద కొత్త లేయర్‌గా పెట్టి మోడ్ 'మల్టిప్లై'కి మార్చండి. లేత భాగాలు దాదాపు కనబడవు, ముదురు మరకలే సున్నంలోకి ఇంకినట్టు వస్తాయి. గీతకు పైన ఉన్నదంతా లేయర్ మాస్క్‌తో (లేయర్‌లో కొంత భాగాన్ని చెరపకుండా దాచే తెర) దాచేయండి.

ఇప్పుడు గీత స్కేలు పెట్టి కొట్టినట్టుంటుంది. గోడ ఫోటోకు బ్లాక్ అండ్ వైట్ కాపీ తీసి, కాస్త బ్లర్ చేసి, ఫిల్టర్స్‌లో మ్యాప్, అందులో 'డిస్‌ప్లేస్'కు మ్యాప్‌గా ఇవ్వండి. నడిమి బూడిదరంగు ఉన్నచోట బొమ్మ కదలదు. అంతకన్నా తెలుపైతే ఒకవైపు, నలుపైతే రెండోవైపు జరుగుతుంది. దాంతో మరక గోడ ఎగుడుదిగుళ్లను పట్టుకుంటుంది. పదడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన వెడల్పు 8,640 పిక్సెళ్లు. అంత సైజులో డిస్‌ప్లేస్ జరుపును 20, 30 పిక్సెళ్లతో మొదలుపెట్టి చూసుకోండి.

చాలామంది పొరబడేది ఇంకోటుంది. గోడ మీద, తలుపు మీద, పెరట్లో కొబ్బరి మొదలు మీద గీత ఒకే నీటిమట్టాన ఉండాలి. నేల పల్లంగా ఉన్నచోట గీత మనిషికి ఎత్తుగా కనిపిస్తుంది, మెరక మీద మోకాలి దాకానే.

ప్రశ్న: గేమ్ కోసం ఎండిన చేను నెర్రెల ఫోటోను పలకల్లా పేరుస్తుంటే అతుకులు కనిపిస్తున్నాయి.

జవాబు: లేయర్ మెనూలో ట్రాన్స్‌ఫార్మ్, ఆఫ్‌సెట్. రెండువైపులా సగం జరిపి, 'ర్యాప్ అరౌండ్' పెట్టండి. అంచుల అతుకులు ప్లస్ గుర్తులా మధ్యకొస్తాయి, క్లోన్ టూల్‌తో నెర్రెను నెర్రెకు కలపండి. ఫోటోలో ఒక్క నత్తగుల్ల ఉన్నా చెరిపేయండి. వంద పలకల్లో వందసార్లు అదే నత్తగుల్ల!

ప్రశ్న: నాటిక కోసం చేసిన వరద బొమ్మను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు: పెట్టుకోండి, ఆగస్టులో మాత్రం వద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక వచ్చిందంటేనే లంకల్లో ఉన్నవాళ్లకు టెన్షన్. ఎప్పుడు పెట్టినా 'నాటిక కోసం చేసిన బొమ్మ' అని బొమ్మ మధ్యలోనే రాయండి. కింద రాసింది ఫార్వర్డ్‌లో ఊడిపోతుంది, మూలన రాసింది కత్తిరింపులో పోతుంది.