ఎయిర్ మార్షల్ సంగతి తర్వాత, ముందు అబ్బాయిని అడిగారా?

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక తండ్రిగారు అడిగారు: "మావాడు ఫస్ట్ పీయూసీ (ఇంటర్ మొదటి సంవత్సరం), ఒక్కడే కొడుకు. ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్ మార్షల్ లాంటి పై ర్యాంకుకి వెళ్లాలంటే ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత చేరే సైనిక అకాడమీ) మంచిదా, బీటెక్ చేసి ఏఎఫ్‌క్యాట్ (డిగ్రీ తర్వాత రాసే ఎయిర్‌ఫోర్స్ ప్రవేశ పరీక్ష) రాయడం మంచిదా? డిఫెన్స్ అకాడమీ హాస్టల్‌కి లక్షల్లో అడుగుతున్నారు, చేర్పించమంటారా?"

పై ర్యాంకులే కావాలంటే ఎన్‌డీఏ. ఏఎఫ్‌క్యాట్‌తో పైలట్ అయితే షార్ట్ సర్వీసు, 14 ఏళ్లకి బయటికి రావాలి, ఎయిర్ మార్షల్ మాట ఇంకెక్కడిది? పోలిక ఇంతే.

అసలు ఆ పదవికి హామీ ఎవరిస్తారండీ? వింగ్ కమాండర్ అనే మధ్య ర్యాంకు దాకా సర్వీసు లెక్కన వచ్చేస్తుంది, దాని పైదైన గ్రూప్ కెప్టెన్ నుంచి చాలావరకు వడపోతే. ఎయిర్ మార్షల్ అయ్యేసరికి యాభై దాటుతుంది, 60కి రిటైర్‌మెంట్. పదహారేళ్ల పిల్లాడి మీద ఇప్పుడే ఆ బరువు పెట్టి, "మావాడి కల" అంటే ఎలా?

అకాడమీల మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. అక్కణ్నుంచి వచ్చిన పిల్లలు నా ముందు వెన్ను నిటారుగా పెట్టి, చేతులు మోకాళ్ల మీద ఆనించి, ఎయిర్‌ఫోర్స్ ఎందుకంటే అందరూ ఒకటే జవాబు అప్పజెబుతారు. ఇంటర్వ్యూ బోర్డు అయిదు రోజులు దగ్గరుండి చూస్తుంది, బట్టీ పట్టినది అక్కడ ఎంతసేపు నిలబడుతుంది? రాతపరీక్షకి కోచింగ్ కావాలంటే ఇంటి దగ్గరే ఇప్పించండి.

ఇక "ఒక్కడే కొడుకు" అని మధ్యలో ఇరికించారు చూడండి, మీ టెన్షనంతా అదే. రాకపోతే ఏమవుతాడోనని ఒక భయం, వస్తే దూరమైపోతాడని ఇంకోటి. రాకపోతే ఏమీ కాదు, ఫిజిక్స్, మాథ్స్ ఎలాగూ చదువుతున్నాడు, ఇంజనీరింగ్ ఎక్కడికీ పోదు. పైలట్‌గా పనికొస్తాడా అని చూసే ఆప్టిట్యూడ్ పరీక్ష జీవితంలో ఒక్కసారే, అది పోయినా ఎయిర్‌ఫోర్స్ తలుపులు మూసుకుపోవు. మన జాలహళ్లిలోనే ఎయిర్‌ఫోర్స్ టెక్నికల్ కాలేజీ ఉంది, నాగ్‌పూర్‌లో విమానాల మరమ్మతులు చూసే మెయింటెనెన్స్ కమాండ్‌ని నడిపించేది ఇంజనీరింగ్ అధికారులే. తిరుపతిలో పుట్టిన పద్మా బందోపాధ్యాయ డాక్టరుగా చేరి ఎయిర్ మార్షల్ అయ్యారు. దూరమంటారా, అది నిజమే, బదిలీలు తప్పవు. కానీ అమెరికా పంపేటప్పుడు ఇదే దూరం మనకి గుర్తురాదేం?

డబ్బు కట్టేముందు కళ్ల డాక్టరు దగ్గర, రంగులు సరిగ్గా గుర్తుపడుతున్నాడో లేదో పరీక్ష చేయించండి. కట్టాక తేడా ఉందని తెలిస్తే అకాడమీవాళ్లు రూపాయి కూడా వెనక్కివ్వరు.