కోకో గింజలు అమ్ముకోవాలా, చాక్లెట్ చెయ్యాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మూడెకరాల కొబ్బరి తోట, మధ్యలో కోకో వేశాం. కాయలు కొట్టి పచ్చి గింజలే వ్యాపారికి ఇచ్చేస్తాం, ఆయన చెప్పిందే రేటు. 2024లో ఎండు గింజలు కేజీ వెయ్యి రూపాయల దాకా వెళ్ళాయి, మరుసటేడాదికి సగానికి పడిపోయాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వచ్చేస్తానంటున్నాడు, మన తోట పేరుతో చాక్లెట్లే చేసి అమ్ముదాం, తోట మీద లోన్ తీసుకుందాం అంటున్నాడు. మావారు ససేమిరా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఆలోచన మంచిదే, మీవారి భయమూ న్యాయమే. తోట మాత్రం తాకట్టు పెట్టొద్దు. కోకో రేటు ఎటు పోయినా కొబ్బరి దింపు డబ్బులతో ఇల్లు నడుస్తుంది కదా, దాని జోలికి వెళ్ళకుండా ఎంత చెయ్యగలరో అంతే చెయ్యండి.

చాక్లెట్ రుచి మిషన్లో పుడుతుందనుకుంటారు చాలామంది, కాదండి, గింజ పులిసే ఆ ఐదారు రోజుల్లోనే చాలా వరకు తేలిపోతుంది, మీరు ఇన్నాళ్ళూ వ్యాపారికి వదిలేస్తున్నది సరిగ్గా ఆ పనినే. కాయ బాగా పండాక కోసి, కత్తితో కాకుండా కర్రతో పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా గింజల్ని అడుగున చిల్లులున్న చెక్కపెట్టెలో పోసి, అరిటాకులు పరిచి పైన గోనె కప్పాలి. మొదటి రెండ్రోజులు కదపకండి, గుజ్జులో తీపంతా పులిసి కల్లు వాసన వస్తుంది, రసం కిందకి కారిపోతుంది. తర్వాత రోజు విడిచి రోజు తిరగెయ్యాలి, గాలి తగిలాక వెనిగర్ వాసన మొదలై లోపల వేడి 45, 50 డిగ్రీలకి వెళ్తుంది, చెయ్యి పెడితే మీకే తెలుస్తుంది. ఆ వేడికీ పులుపుకీ గింజలో మొలక చచ్చిపోయి వగరు తగ్గుతుంది. బుట్టెడు గింజలకి ఆ వేడి పుట్టదు, కాబట్టి మీ ఒక్క తోట కోత చాలకపోతే పక్క రైతులతో అదే రోజు కోయించి కలుపుకోండి. అమ్మోనియా కంపు వచ్చిందంటే మాత్రం చెయ్యి దాటిపోయినట్టే.

ఆరబెట్టడం దగ్గర మన డెల్టాలో ఇబ్బందంతా గాల్లో తేమతోనే. పల్చగా పోసి, రోజూ కలియబెడుతూ తేమని 7 శాతం దగ్గరకి తేవాలి, మీటర్ ఒకటి కొనుక్కోండి, నోట్లో వేసుకుని కొరికి చూసి చెప్పే లెక్కలు నమ్మొద్దు. ముసురు పట్టిందని పొయ్యి సెగకి పెట్టారంటే ఆ పొగ వాసన చాక్లెట్లో కూడా వదలదు. ఆరాక గుప్పెడు గింజలు నిలువునా కోసి చూడండి, లోపల గోధుమ రంగులో చీలికలు కనిపిస్తే బాగా పులిసినట్టు, ఊదా రంగులోనో పలక రంగులోనో గట్టిగా ఉంటే పులియనట్టు.

అందుకని మొదటి డబ్బులు పెట్టెలకీ సోలార్ డ్రయ్యర్‌కీ పెట్టండి. దాదాపు మూడు కేజీల పచ్చి గింజలకి కేజీ ఎండువి వస్తాయి, ఆ లెక్క వేసి మీ వ్యాపారి రేటుతో పోల్చుకోండి, శాంపిళ్ళు చిన్న చాక్లెట్ తయారీదారులకి పంపి చూడమనండి. ‘మనం చాక్లెట్’ అనే కంపెనీ వాళ్ళు ఏలూరు జిల్లా తడికలపూడిలో పులియబెట్టిన గింజలతోనే పాత పశ్చిమ గోదావరి పేరు చెప్పి హైదరాబాద్‌లో అమ్ముతున్నారు, అంటే మన గింజలో సత్తా లేక కాదు.

చాక్లెట్ మాత్రం మీవాణ్ణి నిదానంగా నేర్చుకోనివ్వండి. గింజలు వేయించి, పొట్టు చెరిగి, రాతి గ్రైండర్లో ఒకటి రెండు రోజులు ఆగకుండా రుబ్బాలి, కరెంటు పోయిందా గడ్డకట్టుకుపోతుంది. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మరి మే నెలలో పార్శిల్ ఎలా పంపుతాడో ముందే అడగండి. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు గానీ అది బ్యాంకు లోన్‌తో ముడిపడింది, సబ్సిడీ కోసమని అక్కర్లేని మిషన్లు కొనకండి.

ఇంకో మాట. పెట్టెలు తిరగేసేదీ గింజలు ఏరేదీ రేపు మీరే అవుతారు. మీ కూలి కూడా ఖర్చులో రాయమని మొదటి రోజే చెప్పండి, లేకపోతే మీ అబ్బాయి లాభం అని చూపించేదంతా మీ కష్టమే అవుతుంది.

ప్రశ్న: ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, మా ఇంట్లో చేసే మామిడి తాండ్ర ప్యాకెట్ మీద కూడా జీఐ అని వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోకూడదు. ఆ గుర్తింపు పూతరేకులకే, అది కూడా అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకున్నవాళ్ళకే. తయారైన ఊరు ఆత్రేయపురం అయితే చిరునామాలో రాసుకోండి, దానికి అభ్యంతరం లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, తయారీ తేదీ, బెల్లమో పంచదారో ఏది వేశారో తప్పకుండా ఉండాలి. ప్రతి వాయిలోంచి ఒక ప్యాకెట్ పక్కన పెట్టి వానాకాలమంతా గమనించండి, ఎప్పటికి చెమ్మ పడుతోందో చూసుకుని అప్పుడు గడువు తేదీ వెయ్యండి.