నిబంధనంలో ఉన్నది నియమమా, షరతా?

సందేహం: మా అమ్మాయి ఉపాధ్యాయ నియామక పరీక్షకు చదువుతోంది. తన మనోవిజ్ఞాన పుస్తకంలో పావ్‌లోవ్ కుక్క ప్రయోగాన్ని 'శాస్త్రీయ నిబంధనం' అన్నారు. నిబంధన అంటే రూలు కదా! చప్పుడు వినగానే కుక్కకు నోరూరడానికీ రూలుకూ పొత్తేమిటి? 'శాస్త్రీయం' అన్నారంటే అశాస్త్రీయ నిబంధనం కూడా ఉంటుందా? అదే పుస్తకంలో ఒకచోట అభ్యాసమనీ మరోచోట అభ్యసనమనీ ఉంది. రెండూ ఒకటేనా? దయచేసి వివరించగలరు.

సమాధానం: చివరి ప్రశ్న తేలిక కనుక ముందు దాన్ని తీర్చుకుందాం. అభ్యాసం, అభ్యసనం రెండూ 'అభి' ఉపసర్గ చేరిన 'అస్' ధాతువు నుంచే పుట్టాయి, ప్రత్యయాలు వేరు. సంస్కృతంలో రెండింటికీ మళ్లీ మళ్లీ చేయడమనే అర్థం ఉంది. పాణిని వ్యాకరణంలో ధాతువుకు ద్విత్వం వచ్చినప్పుడు ముందున్న భాగానికి అభ్యాసమని పేరు. 'దదాతి'లో మొదటి 'ద' అటువంటిదే. అంటే ఆవృత్తి ఈ మాటకు పుట్టుకతోనే ఉంది. మనోవిజ్ఞానానికి కావలసినది అంతకంటె విశాలమైన భావన. కాలుతున్న పెనం మీద ఒక్కసారి వేలు పెట్టిన పిల్లవాడు మళ్లీ దాని జోలికి పోడు. అక్కడ ఆవృత్తి ఏమీ లేదు, అయినా నేర్చుకోవడం పూర్తయింది. అందుకే అనుభవం వల్ల ప్రవర్తనలో వచ్చి నిలిచే మార్పును అభ్యసనమనీ, చేసిందే చేస్తూ పట్టు సాధించడాన్ని అభ్యాసమనీ మన పాఠ్యపుస్తకాలు విడదీసుకున్నాయి. లెక్కల పుస్తకంలో 'అభ్యాసం 5.2' ఉంటుంది కాని 'అభ్యసనం 5.2' ఉండదు. మీ అమ్మాయి పుస్తకం ఈ రెండింటినీ కలిపేసి వాడుతుంటే అది ఆ పుస్తకంలోని అజాగ్రత్త మాత్రమే.

ఇక నిబంధన. ఈ మాటకు రూలు అన్న అర్థం కార్యాలయాల భాష వల్ల బలపడింది. 'నియమ నిబంధనలు' అని జంటగా వాడీ వాడీ రెండింటి మధ్య గీత చెరిగిపోయింది. నియమం 'ఇలా చేయాలి' అంటుంది. నిబంధన 'ఇలా అయితేనే అలా' అంటుంది. కౌలు కాగితంలో 'పంట చేతికొచ్చిన నెలలోగా కౌలు చెల్లించాలనే నిబంధనపై' అని రాసుకున్నప్పుడు అది షరతే కదా. క్రైస్తవుల 'పాత నిబంధన, కొత్త నిబంధన' అన్న పేర్లలో అది ఒడంబడిక. ధాత్వర్థం బంధించడం, ముడివేయడం. ఒకదానికి ఒకటి ముడిపడి ఉండటమే ఈ అర్థాలన్నింటికీ మూలం. శాస్త్రగ్రంథాల్లో సున్నతో 'నిబంధనం' అని రాయడం కూడా ఊరికే కాదు. సాధనం పనిముట్టు, సాధన కృషి అయినట్లే, ఇక్కడా షరతును నిబంధన అనీ, ముడిపడే ప్రక్రియను నిబంధనం అనీ వేరుచేసుకున్నారు.

ఈ మాటను నేను గట్టిగా సమర్థించడానికి మరొక కారణం ఉంది. పావ్‌లోవ్ రష్యన్‌లో తన ప్రతిచర్యకు పెట్టిన పేరులోని విశేషణం 'ఉస్లోవ్నీ'. 'ఉస్లోవియె' అంటే షరతు. కాబట్టి దాని అర్థం షరతుకు లోబడినది. నోట్లో మాంసం పొడి పడితే లాలాజలం ఊరడానికి ఏ షరతూ అక్కర్లేదు. మెట్రోనోమ్ (సంగీతంలో లయ చూపే పరికరం) టిక్కుటిక్కుకు ఊరాలంటే మాత్రం ఆ చప్పుడు వెంట తిండి వస్తూండాలన్న షరతు తీరాలి. 1927లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదం 'కండిషన్డ్' అన్న రూపాన్ని స్థిరపరచింది. దానితో 'షరతుకు లోబడిన' అన్న భావం పక్కకు జరిగి 'తర్ఫీదు పొందిన' అన్న ఛాయ పైకి వచ్చింది. మన పారిభాషిక పదకర్తలు ఇంగ్లిష్ నుంచే తెచ్చుకున్నా, 'నిబంధన' అన్న మాటను ఎంచుకోవడంతో రష్యన్ మూలానికే దగ్గరగా చేరారు.

షరతు అన్న అర్థం ఎంత సరైనదో తరువాతి పరిశోధన చూపింది. రెండు విషయాలు పక్కపక్కన జరిగితే చాలు, ముడి పడిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 1968లో రెస్కోర్లా అనే మనోవిజ్ఞాని ఎలుకలకు ఒక స్వరం వినిపిస్తూ కరెంటు షాకులు ఇచ్చాడు. స్వరం ఉన్నా లేకున్నా షాకు ఒకే స్థాయిలో వచ్చే అవకాశమున్న ఎలుకలు, స్వరంతో కలిసి ఎన్నో షాకులు తిన్నా, ఆ స్వరానికి భయపడటం నేర్చుకోలేదు. స్వరం ఉంటేనే షాకు ఎక్కువగా వచ్చే చోట భయం పుట్టింది. 'ఇది ఉంటేనే అది' అన్న లెక్క ఎలుక బుర్రలోనూ ఉందన్నమాట!

పాడి ఉన్న ఇంటివారికి ఇది కొత్త సంగతి కాదు. దూడను విడిచి, అది పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మి నోట పట్టాక గేదె చేపుతుంది. ఆ స్పర్శ మెదడుకు చేరితే పీయూష గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి విడుదలై పాలను కిందికి దింపుతుంది. కొన్నాళ్లు గడిచాక, తెల్లవారుజామున పాలబకెట్టు చప్పుడు కాగానే, దూడ ఇంకా రాటకే ఉండగా, కొన్ని గేదెలకు చన్నుల కొసల పాలు చిప్పిల్లుతాయి. స్పందనను రేపేదాన్ని ఉద్దీపన అంటారు. ఇక్కడ దూడ నోరు అనిబంధిత (షరతు అక్కర్లేని) ఉద్దీపన, బకెట్టు చప్పుడు నిబంధిత (షరతుకు లోబడిన) ఉద్దీపన. అదే బకెట్టును పాలు పితకని వేళల్లో కూడా రోజంతా మోగిస్తూ ఉంటే ముడి సడలిపోతుంది. (ఉద్దీపన అన్న మాట అలంకారశాస్త్రం నుంచి వచ్చింది, అక్కడ వెన్నెల, కోయిల కూత శృంగారానికి ఉద్దీపన విభావాలు. బకెట్టు చప్పుడుకు ఆ గౌరవం దక్కినందుకు ఆలంకారికులు నొచ్చుకోకూడదు.)

మెదడులోనూ ఈ ముడి మారే తీరును చూశారు. షుల్ట్స్ అనే శాస్త్రవేత్త బృందం కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించింది. మొదట్లో అవి పళ్లరసం నోట పడగానే చురుకెత్తాయి. రసానికి ముందు వచ్చే సంకేతం అలవాటయ్యాక సంకేతానికే చురుకెత్తి, రసానికి మౌనం వహించాయి. సంకేతం వచ్చి రసం రాకపోతే, అది రావలసిన క్షణాన వాటి స్పందన మామూలు స్థాయికంటె పడిపోయింది. షరతు తప్పిన సంగతి కణానికి తెలిసినట్లే.

'మరి అచ్చతెలుగులో మప్పు, మరుగు లేవా?' అని అడిగేవారుంటారు. రెండూ నాకు ఇష్టమైన మాటలే. కాని మప్పడానికి మప్పేవాడు ఒకడుండాలి. గేదెకు బకెట్టు చప్పుడును ఎవరూ మప్పలేదు. మరగడంలో రుచి ఉంటుంది. షాకు తిన్న ఎలుక భయాన్ని మరిగిందనలేం.

నాకు నచ్చనిది ఇంగ్లిష్ 'క్లాసికల్ కండిషనింగ్'లోని 'క్లాసికల్'కు పెట్టిన 'శాస్త్రీయ' అన్న విశేషణం. శాస్త్రీయ సంగీతం, శాస్త్రీయ నృత్యం అన్నవి శాస్త్రాన్ని అనుసరించే కళలు కనుక అక్కడ 'క్లాసికల్'కు ఆ మాట అతికింది. అదే మాటను తెచ్చి ఇక్కడ అంటిస్తే 'సైంటిఫిక్' అన్న అర్థమే పాఠకుడికి తోస్తుంది, మీకు తోచినట్లు. 2008లో తెలుగుకు కేంద్రం ఇచ్చిన హోదాను మనం ప్రాచీన హోదా అన్నాం తప్ప శాస్త్రీయ హోదా అనలేదు. ఈ ప్రయోగంలో 'క్లాసికల్' అంటే తొలినాటి, మూలనమూనాగా నిలిచిన పద్ధతి అని మాత్రమే. స్కిన్నర్ అనే మనోవిజ్ఞాని చెప్పిన కార్యసాధక నిబంధనం (చేసిన పనికి వచ్చే ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం) నుంచి వేరుచేయడానికి అది పనికొస్తుంది. కొన్ని పుస్తకాల్లో ఉన్న 'సంప్రదాయ నిబంధనం' దీనికంటె మేలు.

'అనిబంధిత'కు బదులు వాడే 'నిర్నిబంధిత' అన్న రూపం కూడా సరికాదు. లేమిని చెప్పే 'నిర్' నామవాచకాలకు చేరుతుంది: నిర్భయం, నిర్దోషం. 'నిబంధిత' వంటి క్త ప్రత్యయాంతానికి (జరిగిన పనిని చెప్పే విశేషణానికి) 'అ' చేర్చి 'అనిబంధిత' అనాలి. అన్నింటికంటె విచిత్రమైనది 'అయత్నసిద్ధ స్వాస్థ్యం'. ఆగిపోయిన స్పందన కొంత విరామం తరువాత దానంతటదే మళ్లీ కనిపించడాన్ని ఇలా అన్నారు. ఇంగ్లిష్ 'రికవరీ'ని చూసి జబ్బు నయమైనట్లు భావించి స్వాస్థ్యాన్ని తెచ్చిపెట్టారు కాబోలు! 'పునరుదయం' చాలు. స్పందన అలా తిరిగి వస్తుంది కనుకనే, అది ఆగడాన్ని 'విలుప్తత' అనడం కంటె 'విరమణ' అనడం సరి. పాత ముడి చెరిగిపోదు, దానిపై కొత్త అభ్యసనం అడ్డుగా నిలుస్తుంది.

ఇవన్నీ వాడుకను దిద్దుకోవడానికి నేను చేసే సూచనలు. మీ అమ్మాయిని మాత్రం పరీక్షలో పుస్తకంలో ఉన్నట్లే 'శాస్త్రీయ నిబంధనం' అని గుర్తించమనండి. మార్కులు ఆ మాటకే ఇస్తారు.