రాత్రి రెండింటికి అమ్మ ఫోన్ కోసం మేలుకుంటున్నాను

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లి. నాన్న మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ ప్రావిజన్ స్టోర్ పెట్టుకున్నారు. నేను సెప్టెంబరులో ఎంఎస్సీ చదవడానికి లండన్ వచ్చాను. ఇల్‌ఫర్డ్‌లో మరో నలుగురు తెలుగు అబ్బాయిలతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. మూడు నెలలైనా నాకంటూ ఒక్క స్నేహితుడు లేడు. మధ్యాహ్నం దాకా లేవలేక క్లాసులు పోతున్నాయి. అమ్మ పూజ అయ్యాక ఏడున్నరకి ఫోన్ చేస్తుంది, అప్పుడు ఇక్కడ రాత్రి రెండు. దాని కోసమే మేలుకుంటాను, అంతా బాగుందని చెప్పి పెట్టేస్తాను, తర్వాత ఏడుపొస్తుంది. ఇంటి మీద తెచ్చిన అప్పు తలుచుకుంటే టెన్షన్. తెలిసినతను తన ఫుడ్ డెలివరీ అకౌంట్ అద్దెకిస్తానంటున్నాడు. తిరిగి వచ్చేద్దామా అనిపిస్తోంది.

జవాబు: నాయనా, ముందు ఆ డెలివరీ అకౌంట్ సంగతి చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ కాస్త ఆలస్యమైనా సర్దుకుంటాయి, ఇది సర్దుకోదు. నీలాంటి డిగ్రీ చదువుకి ఇచ్చే స్టూడెంట్ వీసాలో టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు ఉద్యోగం చేసుకోవచ్చు, కానీ సొంతంగా చేసే పని అస్సలు కుదరదు. డెలివరీ యాప్‌ల పని ఆ కిందికే వస్తుంది. పైగా ఇంకొకరి పేరు మీద చేసి దొరికితే వీసా పోతుంది, చదువు పోతుంది, మీ ఇంటి మీది అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఈరోజే వద్దని చెప్పెయ్. డబ్బు అవసరమైతే కాలేజీలోనో, సూపర్‌మార్కెట్‌లోనో జీతం చీటీ ఇచ్చే పని వెతుక్కో. దొరకడానికి నెల పట్టినా పరవాలేదు.

ఇక నీ అసలు బాధ. నువ్వు లండన్‌లో ఉన్నావు గానీ నీ గడియారం ఇంకా మారతహళ్లిలోనే ఉంది. రెండింటికి అమ్మతో మాట్లాడి, ఏడ్చి, నాలుగింటికి పడుకుంటే లేచేసరికి పన్నెండు. డిసెంబరులో లండన్‌లో నాలుగు కొట్టకముందే పొద్దు గుంకుతుంది. అంటే రోజు మొత్తంలో నీ కంట పడే వెలుతురు నాలుగు గంటలు కూడా లేదు, అదీ మబ్బుల్లోంచి. ఎండలో పుట్టి పెరిగిన పిల్లవాడు అలా మూడు వారాలుంటే దిగులు పడకుండా ఎలా ఉంటాడు? ఇందులో నీ చేతకానితనం ఏమీ లేదు.

అమ్మ ఫోన్ మానేయమని నేను చెప్పను. వేళ మార్చు. మధ్యాహ్నం నాన్న కొట్టు నుంచి వచ్చి అన్నాలయ్యాక ఒకటిన్నరకి చేయమను. నీకప్పుడు ఉదయం ఎనిమిది. నిన్ను నిద్ర లేపే పని మళ్లీ అమ్మకే అప్పగించు, ఆవిడకి అంతకంటే సంతోషం ఉండదు. మాట్లాడటం అవగానే కోటు తొడుక్కుని అరగంట బయట నడువు, చలి అయినా సరే. చలికాలంలో అక్కడ అందరినీ రోజుకి 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోమంటారు, మందుల షాపులో మామూలుగానే దొరుకుతుంది. వీసాతోపాటు ఆరోగ్యం కోసమని ఏడాదికి 776 పౌండ్ల చొప్పున కట్టావు కదా, దగ్గర్లోని జీపీ, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పేరు రాయించుకుని నిద్ర గురించి, ఏడుపు గురించి దాచకుండా చెప్పు. ఏ రాత్రైనా బతకాలని లేదనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. 116 123కి చేస్తే సమరిటన్స్ అనే సేవాసంస్థ వాళ్లు ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు. 111కి చేసి 2 నొక్కినా మానసిక ఆరోగ్యం చూసేవాళ్లు పలుకుతారు.

స్నేహితుల గురించి నా సంగతొకటి చెప్పనా. కర్నూలు నుంచి కోడలిగా బెంగళూరు వచ్చినప్పుడు నాకు వచ్చిన కన్నడమల్లా 'కన్నడ గొత్తిల్ల' ఒక్కటే. ఆరు నెలలు పక్కింటి తెలుగావిడ ఇల్లు దాటి నేనెక్కడికీ వెళ్లలేదు. చివరికి నాకు కన్నడం వచ్చింది వీధి చివర పూలమ్మే ఆవిడ వల్ల. రోజూ సాయంత్రం అదే వేళకి మూర మల్లెపూలు కొనేదాన్ని, మూరని 'మొళ' అనాలని ఆవిడే చెప్పింది, తర్వాత పిల్లల జ్వరాల దాకా అన్నీ మాట్లాడుకున్నాం. స్నేహం ఒక్క పార్టీకి వెళ్తే దొరకదు నాయనా, అదే మొహం పదిసార్లు కనిపిస్తే దొరుకుతుంది. అందుకే వారంలో ఒకే రోజు, ఒకే వేళకి వెళ్లే చోటు ఒకటి పెట్టుకో, క్రికెట్ అయినా సరే, లైబ్రరీలో కలిసి చదివే గుంపైనా సరే. మొదటి మూడుసార్లు ఎవరూ పలకరించకపోవచ్చు. నాలుగోసారీ వెళ్లు.

ఇంట్లో ఆ నలుగురూ తలుపులేసుకుని తమ తమ ఫోన్లలో ఉంటారేమో, వాళ్లలో ఇద్దరైనా నీలాగే ఏడుస్తూ ఉంటారని నా నమ్మకం. ఆదివారం ఈస్ట్‌హామ్ వెళ్లి మన సరుకులు తెచ్చి పప్పుచారు పెట్టు, రమ్మని పిలువు. నేనూ అన్నం తినలేకపోతున్నానని నువ్వే మొదట అను.

అమ్మకి నిజం చెబితే తట్టుకోలేదనుకుంటున్నావు. అయితే మొదట నాన్నకి చెప్పు. ఫోన్‌లో ఒక్క మాట అడుగు: 'మదనపల్లె నుంచి వచ్చిన కొత్తలో ఎక్కడ పడుకునేవాడివి నాన్నా, ఎవరితో మాట్లాడేవాడివి?' ఊరు వదిలి వచ్చి కొట్టు పెట్టిన మనిషికి ఆ మొదటి సంవత్సరం తప్పకుండా గుర్తుంటుంది, నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. ఆయన చెప్పడం అయ్యాక నీది చెప్పు. అప్పు గురించీ దాచకు, నెలకి ఎంత కట్టాలో ఇద్దరూ కాగితం మీద వేసుకుంటే సగం భయం అంకెగా మారుతుంది.

తిరిగి రావాలా వద్దా అన్నది ఈ చీకటి నెలలో తేల్చుకోవద్దు. ఫిబ్రవరి చివరికి అక్కడ ఐదున్నర దాకా వెలుతురుంటుంది. అప్పుడు నాకు మళ్లీ రాయి, ఎన్నింటికి లేస్తున్నావో కూడా రాయి. అప్పటికీ వచ్చేయాలనే ఉంటే, నాన్నని కూడా కూర్చోబెట్టుకుని ఎలా రావాలో చూద్దాం.