ఎదకొచ్చిన గంట రాసిపెట్టుకోండి: పశుపోషకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రెండో ఈత ముర్రా బర్రె. ఈని ఐదు నెలలైంది. నాలుగుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాం. సరిగ్గా ఇరవై, ఇరవై రెండు రోజులకు మళ్లీ పొర్లుతోంది (ఎదకొస్తోంది). తీగలు (ఎదలో మానం నుంచి జారే జిగురు) తేటగానే ఉన్నాయి. అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు సార్?
– ఒక రైతు, పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: అప్పుడే అమ్మకండి. ఇరవై, ఇరవై రెండు రోజుల లెక్క తప్పడం లేదంటే అండాశయాలు పనిచేస్తున్నట్టే. ఇక అనుమానించాల్సినవి మూడు: అండం, వీర్యం సమయానికి కలవకపోవడం, కలిసినా పిండం తొలి రెండు వారాల్లోనే చనిపోవడం, గర్భాశయంలో పైకి కనిపించని చీము. అదే 35, 40 రోజులకు పొర్లే గేదె అయితే చూడి (గర్భం) నిలిచి, తర్వాత పోయిందనో, మధ్యలో ఒక ఎద మన కంట పడలేదనో అనుకోవాలి. పది పన్నెండు రోజులకే పొర్లిందంటే ఆ రెండింటిలో ఒకటి అసలు ఎదే కాదు. అందుకే వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు తేదీలు రాసిన కాగితం పట్టుకెళ్లాలి.

ముందు సమయం సంగతి. గేదెలు చాలావరకు రాత్రిపూట, తెల్లవారుజామున ఎదకొస్తాయి. మనం పాలు పిండేటప్పుడు చూసి ‘ఇప్పుడే వచ్చింది’ అనుకుంటాం. ఎద లక్షణాలు ఆగిపోయిన పది నుంచి పద్నాలుగు గంటల తర్వాత గానీ అండం విడుదల కాదు. కాబట్టి తెల్లవారి చూస్తే ఆ సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. మర్నాడూ తీగలు సాగుతూనే ఉంటే, మొదటి సూదికి 24 గంటల తర్వాత రెండోది వేయించండి. మీ గేదె లాంటి వాటికి ఈ ఒక్క మార్పుతోనే చూడి నిలవడం మామూలే. రాత్రి తొమ్మిది, పదింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి టార్చి పట్టుకుని కొట్టంలోకి వెళ్లండి. పడుకున్న గేదె వెనక నేలమీద తీగ పడిందా, తోకకు అంటిందా, మానం మీద ముడతలు పోయి ఉబ్బిందా, మాటిమాటికీ కొంచెం కొంచెం మూత్రం పోస్తోందా చూడండి. గేదె ఆవులా అరిచి చెప్పదు, సాటి పశువుల మీద ఎక్కడమూ తక్కువే.

తర్వాత తీగ. తేటగా ఉందని కంటితో తేల్చేయకండి. శుభ్రమైన గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు పెట్టి చూడండి. గుడ్డు తెల్లసొనలా ఉంటే సరే. సన్నటి తెల్ల పలుకులున్నా, గంజిలా మసకబారినా చీము ఉన్నట్టే. ఆ ఎదకు సూది వేయించకూడదు. ముందు వైద్యం చేయించి, ఒకటి రెండు ఎదలు వదిలేయాలి. కంటికి తేటగా కనిపించినా లోపల చీము ఉండొచ్చు. వైద్యశాలలో తీగను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో కలిపి మరగబెడతారు, పసుపు రంగు తేలితే చీము ఉన్నట్టు లెక్క. చిన్న పరీక్ష, నాలుగుసార్లు పొర్లిన గేదెకు తప్పక అడిగి చేయించండి.

సూది వేసే తీరు కూడా గమనించండి. వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని స్ట్రా అంటారు. అది ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటికి తీయగానే 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో 30 సెకన్లు ఉంచి, నీటి చుక్క లేకుండా తుడిచి, కత్తిరించి, వెంటనే వేయాలి. చొక్కా జేబులో వేసుకొచ్చిన స్ట్రా, అరచేతిలో నలిపి కరిగించిన స్ట్రా డబ్బు దండగ. మానం పొడి గుడ్డతో తుడిచాకే గన్ను లోపలికి వెళ్లాలి. సూది అయ్యాక పశువును పడుకోనివ్వకపోవడం, మేత మాన్పించడం మన పల్లెల్లో ఉన్న అలవాటు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. చేయాల్సిందల్లా ఎండలో తోలుకెళ్లకుండా నీడన కట్టేయడం, కడుపునిండా నీళ్లు పెట్టడం.

ఇవన్నీ సరిగ్గా ఉండీ నిలవకపోతే, అండం ఆలస్యంగా విడుదలయ్యే గేదెలకు సూదితోపాటు అండం విడుదల చేయించే జిఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను ఇంజెక్షన్ ఇస్తారు. అది వైద్యుడు చెయ్యి పెట్టి చూసి నిర్ణయించాల్సింది. మేత సంగతి మీరు రాయలేదు. డెల్టాలో వరిగడ్డి, తవుడు మీదే నెట్టుకొచ్చే గేదెలు ఎక్కువ. తవుడులో భాస్వరం ఉంటుంది గానీ కాల్షియం బహు తక్కువ. గడ్డిలో మాంసకృత్తులూ, విటమిన్ ఏ లేవు. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, పచ్చిమేత పెట్టండి. పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్న గేదెకు ఎన్ని సూదులు వేసినా ఒకటే.

ప్రశ్న: మార్చి నుంచి జూన్ దాకా మా బర్రెలు ఒక్కటీ ఎదకు రావు. ఎదకొచ్చే ఇంజెక్షన్ వేయించమంటారా?
– టంగుటూరు, ప్రకాశం జిల్లా

జవాబు: చాలావాటికి ఎద వస్తూనే ఉంటుంది, బయటికి కనపడదు. దీన్నే మూగ ఎద అంటారు. నీడన కట్టేయడం, రోజూ ఉదయం, పదకొండింటికి, మూడింటికి ఒంటిమీద నీళ్లు పోయడం, మేతలో ఎక్కువ భాగం రాత్రిపూట పెట్టడం, ముందు ఈ మూడూ చేయండి. తర్వాత వైద్యుడితో అండాశయాలు చూపించండి. అండాశయం మీద పసుపు గడ్డ (అండం విడుదలైన చోట ఏర్పడేది) ఉంటే, దాన్ని కరిగించే ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ ఇస్తే మూడు నుంచి ఐదు రోజుల్లో ఎదకొస్తుంది. అది లేకపోతే ఈ మందు పనిచేయదు, వేరే పద్ధతి ఉంది. చూడి లేదని నిర్ధారించకుండా ఈ ఇంజెక్షన్ వేయిస్తే ఉన్న చూడి కాస్తా పోతుంది. దుకాణంలో కొనుక్కొచ్చి వేయించేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మీ ప్రాంతంలో సుబాబుల్ తోటలు ఎక్కువ కాబట్టి ఒక మాట. ఆ ఆకు మంచి మేతే. కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటితే అందులోని మైమోసిన్ అనే విషపదార్థం వల్ల వెంట్రుకలు రాలతాయి, చూడి కట్టడమూ దెబ్బతింటుంది.

ప్రశ్న: ఒంగోలు పెయ్యకు మూడేళ్లు నిండాయి, ఇంకా ఎదకు రాలేదు.
– నాగులుప్పలపాడు

జవాబు: ఒంగోలు జాతి ఆలస్యంగానే ఎదిగేది. వయసు కాదు, బరువు చూడండి. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి దాన్ని దానితోనే గుణించండి. భుజం ఎముక నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 660తో భాగించండి. సుమారు కిలోలు వస్తాయి. చుట్టు 60, పొడవు 48 అయితే దాదాపు 262 కిలోలు. 250 దాటాక కూడా రాకపోతే గర్భకోశం చూపించండి, అంతకు తక్కువైతే దాణా, నట్టల మందు చూడండి. తొలిచూలుకు ఒంగోలు స్ట్రానే అడగండి. హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే పెద్ద విదేశీ జాతి) స్ట్రా వేస్తే దూడ పెద్దదై ఈత కష్టమవుతుంది. మీ మండలంలోనే చదలవాడ పశుక్షేత్రం ఉంది, జాతి సంగతులు అక్కడ అడగొచ్చు.

ప్రశ్న: నెలలు నిండిన బర్రె నిన్న సాయంత్రం నుంచి లేస్తూ పడుకుంటూ తన్నుకుంటోంది. ఉమ్మనీటి బుడ్డ రాలేదు. ఇలాంటప్పుడు దొర్లిస్తారట, మేమే చేసుకోవచ్చా?
– ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరం చేరేలోపే ఆ గేదె సంగతి తేలి ఉంటుంది. ఇతరుల కోసం రాస్తున్నాం. నొప్పులు పడుతూ బుడ్డ గానీ కాళ్లు గానీ కనపడకపోతే గర్భసంచి మెలిక పడిందని అనుమానించాలి. గేదెల్లో ఇది ఎక్కువ, అదీ తరచుగా కుడివైపుకే. మానం ఒక పక్కకు లాక్కుపోయినట్టు కనిపిస్తుంది. వెంటనే పశువైద్య అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. వైద్యుడు లోపల చెయ్యి పెట్టి మెలిక ఎటు పడిందో తేల్చాకే దొర్లించాలి. కుడి మెలికైతే కుడిపక్కకు పడుకోబెట్టి, ముందుకాళ్లు విడిగా, వెనకకాళ్లు విడిగా కట్టి, పొడవాటి చెక్క ఒక కొస నేలకు ఆనేలా డొక్కమీద పెట్టి, దానిపై ఒకరు నిలబడతారు. అప్పుడు మెలిక పడిన వైపుకే మెల్లగా దొర్లిస్తారు. చెక్క సంచిని కదలకుండా పట్టుకుంటే గేదె ఒళ్లు దాని చుట్టూ తిరుగుతుంది, మెలిక వీడుతుంది. ఎదురు దిశకు దొర్లిస్తే మెలిక బిగుస్తుంది. అందుకే సొంతంగా వద్దు. ఒకటిన్నర రోజు దాటితే దూడ మీద ఆశ తగ్గుతుంది, ఆపరేషన్ తప్పకపోవచ్చు. ఎనిమిదో నెల దాటిన గేదెను చెరువులోకి దించకండి.

ప్రశ్న: పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఆడగుర్రం ఉంది. చూడి కట్టించాలి. గేదెల లెక్కే వర్తిస్తుందా?
– నెల్లూరు

జవాబు: 21 రోజుల లెక్క ఒక్కటే కలుస్తుంది, మిగతాదంతా వేరు. గుర్రం ఎద ఐదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. ఎద ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు అండం విడుదలవుతుంది. కాబట్టి మొదటి రోజే తీసుకెళ్లి ఒక్కసారి దాటించి వచ్చేస్తే ఫలితం అరుదు. రెండో, మూడో రోజు నుంచి, అది మగగుర్రాన్ని తన్ని వద్దనేదాకా, రోజు విడిచి రోజు దాటించాలి. తోక పైకెత్తడం, మానం పెదవులు తెరుచుకుని మూసుకోవడం, మూత్రం చిమ్మడం గుర్తులు. మధ్యలో గట్టి కర్ర అడ్డు ఉంచి మగగుర్రాన్ని దగ్గరికి తెస్తే స్పష్టంగా తెలుస్తుంది.

14 నుంచి 16 రోజుల మధ్య స్కానింగ్ చేయించండి. కవలలుంటే అప్పుడే ఒకటి తీసేయాలి. గుర్రం కవలలను మోయలేదు, చాలాసార్లు ఆఖరి నెలల్లో రెండూ పోతాయి. చూడి సుమారు 11 నెలలు. ఎనిమిదో నెల నుంచి బాణసంచా, డప్పుల మధ్యకు పంపకండి, ఆ సీజన్ ఆదాయం వదులుకోక తప్పదు. ఈనడానికి నెలా నెలన్నర ముందు ధనుర్వాతం టీకా వేయించండి.

ఈత మాత్రం చకచకా అయిపోతుంది. ఉమ్మనీరు పోయాక అరగంటలో పిల్ల బయట పడకపోతే ప్రమాదమే. తెల్లటి పొర బదులు ఎర్రటి మఖమల్ లాంటి సంచి ముందు కనిపిస్తే మాయ ముందే విడిపోయిందన్నమాట, లోపల పిల్లకు ఊపిరి అందదు. వైద్యుడి కోసం ఆగకుండా సంచి కోసి పిల్లను బయటికి లాగాలి. పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో జున్నుపాలు తాగాలి. మూడు గంటల్లో మాయ పడాలి. గేదెకు మాయ పడకపోతే పన్నెండు గంటల దాకా చూస్తాం, గుర్రం విషయంలో అంతసేపు చూస్తే విషం ఒంటికెక్కి గిట్టలు పాడై, ప్రాణం మీదికి వస్తుంది. పడ్డ మాయను పారేయకుండా బకెట్లో ఉంచి వైద్యుడికి చూపించండి. ముక్క లోపల మిగిలిందేమో ఆయన పరచి చూస్తారు. గేదెకైనా గుర్రానికైనా వేలాడే మాయకు రాయి కట్టడం, చేత్తో లాగడం మానాలి.

ప్రశ్న: మా చూడి పశువు ఏడో నెలలో ఈసుకుపోయింది (గర్భస్రావమైంది). మళ్లీ ఎప్పుడు సూది?
– కోవూరు

జవాబు: సూది తర్వాత. ముందు రక్తపరీక్ష. ఆఖరి నెలల్లో ఈసుకుపోతే బ్రూసెల్లా అనే జబ్బు కావచ్చు, అది మనుషులకూ అంటుతుంది. పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోకుండా సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి, కుక్కలకు అందనివ్వకండి. పచ్చిపాలు తాగకండి. ఎవరికైనా వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు ఉంటే ఈ సంగతి డాక్టరుకు చెప్పండి. ఇంట్లో నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యలుంటే వాటికి ఈ జబ్బు రాకుండా ఎస్ 19 అనే టీకా ఒక్కసారి వేయించాలి. పోతుదూడలకు, చూడి పశువులకు అది వేయకూడదు.