పాత నేరాలు రాయడం వృత్తి కాగలదా?

ప్రశ్న: నేను మారేడుపల్లిలో ఉంటాను, ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం. నిజాం కాలంలో జరిగిన హత్యలు, మోసాల గురించి ఆధారాలతో పుస్తకాలు రాయాలని కోరిక. ఉద్యోగం మానేసి ఇందులోకి దిగవచ్చా? – ఒక పాఠకురాలు, సికింద్రాబాదు

జవాబు: ఉద్యోగం మానకండి. ఒక్క కేసు కాగితాలు దొరకడానికే నెలలు పట్టే ఈ పనిలో, తెలుగు పుస్తకం మీద వచ్చే రాయల్టీతో ఇల్లు గడుస్తుందని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇక రచన సంగతి. మన నగరానికి సంబంధించిన జాకబ్ వజ్రం కేసునే తీసుకోండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, సిమ్లాలో ఉండే రత్నాల వ్యాపారి అలెగ్జాండర్ జాకబ్‌కు ఆ వజ్రం కోసం 23 లక్షల రూపాయలు ముందుగా కట్టి, తీరా చూశాక వద్దన్నారు. సొమ్ము తిరిగి రాకపోవడంతో వ్యవహారం 1891లో కలకత్తా హైకోర్టుకెక్కింది, జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ కేసు చెప్పేవాళ్లలో చాలామంది ఏడో నిజాంకు తండ్రి బూటులో వజ్రం దొరికిన ముచ్చటతోనే మొదలుపెడతారు. అది మీ పుస్తకంలోనూ ఉండవచ్చు, కాని జనం చెప్పుకొనే కథగానే ఉండాలి. కోర్టు విడిచిపెట్టిన మనిషిని రచయిత మోసగాడని తీర్పు చెప్పడం మాత్రం, అది ఎంత రసవత్తరంగా ఉన్నా, నా దృష్టిలో అన్యాయం.

ఆధారాలకు ముందు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. నిజాం ప్రభుత్వ దస్త్రాలు ఎక్కువగా ఫారసీలోనూ ఉర్దూలోనూ, అందులోనూ గొలుసుకట్టు షికస్తా రాతలో ఉంటాయి కనుక, ఉర్దూ నేర్చుకోవడమో, చదివి చెప్పే పెద్దమనిషిని వెదుక్కోవడమో తప్పదు. తేదీలు ఫసలీలో, అంటే నిజాం ప్రభుత్వం వాడిన సంవత్సర లెక్కలో కనబడితే, మన సంవత్సరం కోసం 590 కలపండి. 1357 ఫసలీ అంటే 1947–48 అన్నమాట. రెసిడెన్సీ (నిజాం దగ్గరుండే బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) ఉత్తర ప్రత్యుత్తరాల కోసం ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌నూ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీనీ చూడాలి. పాత పత్రికలకు అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం ఉంది. అయితే ఆనాటి పత్రికలు కూడా పుకార్లను అచ్చువేసేవి కాబట్టి, పత్రికలో చదివినదాన్ని సాక్షుల వాంగ్మూలంతో సరిచూడకుండా రాయవద్దు.

ప్రశ్న: చనిపోయినవారి గురించి రాస్తే పరువునష్టం కేసు ఉండదంటారు, నిజమేనా? – అదే పాఠకురాలు

జవాబు: పూర్తిగా నిజం కాదు. బ్రతికి ఉంటే ఆ వ్యక్తి పరువుకు భంగమయ్యే ఆరోపణను, వారి కుటుంబీకుల మనసు నొప్పించాలనే ఉద్దేశంతో చేస్తే, అదీ నేరం కావచ్చు. పాత శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో ఉన్న ఈ వివరణే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనూ ఉంది. వారసులను ముందే కలవండి. వాళ్ల ఇళ్లలో ఆర్కైవ్స్‌లో లేని ఉత్తరాలు దొరికే అవకాశమూ ఉంది. ప్రతి వాక్యానికీ దస్త్రం సంఖ్య, పుట సంఖ్య రాసిపెట్టుకోండి, ప్రచురణకర్త న్యాయవాది మొదట అడిగేది అదే.