పన్నెండుమంది, నాలుగు బాణీలు

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల వార్షికోత్సవానికి పన్నెండుమంది విద్యార్థినులతో ఎనిమిది నిమిషాల బృంద నృత్యం కూరుస్తున్నాను. కూచిపూడి, చెక్కభజన, గొరవయ్యల ఆట, హిప్‌హాప్ అన్నీ ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. నాలుగు పాటల ముక్కలు అతికించి ఆడించగా, చూసినవారు ‘నాలుగు ఐటమ్‌లు వరుసగా చూసినట్టుంది’ అన్నారు. దీన్ని ఒక్క నృత్యంగా మలచడం ఎలా?
– ఒక అధ్యాపకురాలు, కర్నూలు

జవాబు: వారు అన్నది నిజమే అయివుంటుంది. పాటలను ముందు అతికించి, వాటికి అడుగులను తర్వాత వెతికితే ఎవరికైనా ఇలాగే అవుతుంది. నాలుగింటిలో ఒకదాన్ని ఆధారంగా నిలుపుకొని, మిగిలినవాటిని దాని చుట్టూ అల్లండి. నన్నడిగితే ఆ స్థానం చెక్కభజనకే ఇస్తాను, ఎందుకంటే అందులో ఆడేవారే చేతుల్లోని చెక్కలు వాయిస్తారు కాబట్టి, పాట ఆగినా లయ ఆగదు.

మీకు అసలు చిక్కు బాణీ మారే చోటే వస్తుంది. మీ పిల్లలు నేర్చిన చెక్కభజన అడుగు తిశ్రంలో, అంటే మూడేసి దెబ్బలుగా నడుస్తున్నదనుకుందాం. హిప్‌హాప్‌ను ఎనిమిదేసి లెక్కలుగా కడతారు. మూడు ఎనిమిదులైనా, ఎనిమిది మూళ్లైనా 24 కనుక, ఆ మలుపులో రికార్డు పాటను పూర్తిగా ఆపి 24 దెబ్బలు ఖాళీ ఉంచండి. ఆరుగురు చెక్కలతో మూడేసి లెక్కలు వేస్తూ ఉంటే, తక్కిన ఆరుగురు అదే వేగంలో ఎనిమిదేసి లెక్కలకు ఒంటిని కదిలించాలి. మొదట ఎడమొహం పెడమొహంగా సాగిన రెండు జట్లూ ఇరవై నాలుగో దెబ్బతో తమ వరుసలు ముగిస్తాయి, ఆ తరువాతి దెబ్బకే హిప్‌హాప్ పాట అందుకోవాలి. ఈ చిన్న ముక్కకు కనీసం వారం రోజుల సాధన పడుతుంది, విసుక్కోకండి.

కూచిపూడి నుంచి హిప్‌హాప్‌కు దారి ఇంకా సులువు. అరమండి, అంటే సగం కూర్చున్న భంగిమలో వంగిన మోకాళ్లను నిటారు చేయనివ్వకుండా, భుజాలను మాత్రం వదులు చేయించండి. హిప్‌హాప్ కోసం బూట్లు అడిగితే ఒప్పుకోవద్దు. మధ్యలో బూట్లు తొడగడానికి వ్యవధి ఉండదు, పైగా ఆ అడుగుల్లోనూ గజ్జెలు మోగితేనే అందం.

గొరవయ్యల ఆటను నేనైతే వదిలేస్తాను. ఎలుగుబంటి చర్మపు టోపీ, డమరుకం, పిల్లనగ్రోవి మల్లన్న భక్తులైన గొరవయ్యల ఆరాధనలో భాగం. నకిలీ టోపీలతో ఒకటిన్నర నిమిషం గెంతిస్తే అది వెక్కిరింపులా కనిపిస్తుంది. మీ జిల్లాలోనే ఆ పెద్దలు ఉన్నారు కనుక, తప్పనిసరైతే ఒకరిని పిలిపించి, వారు నేర్పినంతే పెట్టుకోండి. ఎలాగూ ఎనిమిది నిమిషాలకు మూడు బాణీలే ఎక్కువ.

చివరి సాధన తప్పక వేదిక మీదే చేయించండి. చెక్కల్లోని లోహపు బిళ్ళల మోత మైకు దగ్గర చెవులు చిల్లులు పడేలా వినిపిస్తుంది కనుక, ఆ ఆరుగురినీ వెనక వరుసలో నిలపండి.